గుల్మార్గ్ యాత్రలో కుంకుమపువ్వు కొనబోయే మన విజయనగరం వారికి హెచ్చరిక

ఏటా శీతాకాలంలో మన ఊరి నుంచి కశ్మీరుకు బృందాలను తీసుకువెళ్లే ఆ పెద్దమనిషి ఎవరో మీలో చాలామందికి తెలుసు కాబట్టి పేరు రాయడం లేదు. ఆయనతో యాత్రకు వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. బస్సులో ఆయన అమ్మే కుంకుమపువ్వు మాత్రం దయచేసి కొనకండి. ఇప్పుడే ఆయన కార్యాలయం నుంచి తిరిగి వచ్చి, ఇంకా కోపం చల్లారకుండానే ఇది రాస్తున్నాను.

యాత్ర గురించి నాకు ఫిర్యాదు ఏమీ లేదు. విశాఖ నుంచి విమానం, శ్రీనగర్‌లో బస, టంగ్‌మర్గ్ దగ్గర చక్రాలకు గొలుసులు కట్టిన బండ్లలోకి మారడం, అన్నీ చెప్పినట్లే జరిగాయి. మా అబ్బాయి స్కీ పలకలు కట్టుకుని, కొత్తవారికి నేర్పే వాలు మీద పడుతూ లేస్తూ ఒక పూట గడిపాడు. గొండోలా, అంటే తీగల మీద కొండెక్కించే బండి, మొదటి దశలో కొంగ్‌డోరి దాకా వెళ్లాం. అఫర్వత్ శిఖరం వైపు వెళ్లే రెండో దశను గాలి ఎక్కువగా ఉందని ఆపేశారు, గాలికి ఎవరిని తప్పుపడతాం?

అసలు కథ తిరుగు దారిలో మొదలైంది. దారిలో ఒక దుకాణం దగ్గర దిగుతామని ఆడవాళ్లు అడిగితే ఆయన ససేమిరా అన్నారు. ఇక్కడ మొక్కజొన్న పీచుకు రంగు వేసి కుంకుమపువ్వని అంటగడతారని, తాను కశ్మీరులో కుంకుమపువ్వు పండే పాంపోర్‌లో రైతు దగ్గర నేరుగా తెచ్చిన సరుకు ఉందని చెప్పి సంచి తీశారు. మోసం గురించి మమ్మల్ని హెచ్చరించిన మనిషే మోసం చేస్తాడని ఎవరైనా అనుకుంటారా? పైగా పరీక్ష కూడా చేసి చూపించారు. గోరువెచ్చని నీళ్లలో రెండు పోగులు వేశారు. నీరు మెల్లగా పసుపు రంగుకు తిరిగింది, పోగులు మాత్రం ఎర్రగానే ఉన్నాయి. రంగు వేసిన నకిలీ అయితే వేసిన వెంటనే ఎరుపు వదిలేస్తుందని వివరించారు. అది నిజమే. ఒక గ్రాము డబ్బా 450 రూపాయల చొప్పున బస్సు బస్సంతా కొన్నాం. డబ్బా మీద ఒక్క ఇంగ్లీషు అక్షరం కూడా లేదేమని ఎవరో అడిగితే, కశ్మీరులో ఉర్దూ కాక తెలుగు రాస్తారా అన్నారు. అందరం నవ్వాం. నేను కాస్త గట్టిగానే నవ్వాను.

శ్రీకాకుళంలో ఉన్న మా అమ్మాయికి ఇప్పుడు ఏడో నెల. పాలలో వేసుకుని తాగుతుందని దాని కోసమూ, మర్యాదగా ఉంటుందని వియ్యపురాలి కోసమూ తీసుకున్నాను. వాళ్లకు ఇచ్చి వచ్చిన తరువాత, బాబామెట్టలో ఉండే నా స్నేహితుడు, ఉర్దూ ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన ఆయన, ఇంటికి వచ్చి మిగిలిన డబ్బాలను చేతిలోకి తీసుకున్నారు. అది ఉర్దూ కాదు, ఫారసీ. అడుగున ఇరాన్ ఉత్పత్తి అని స్పష్టంగా ఉంది. అంకెలు కూడా ఆ లిపిలోనివే. తయారైన సంవత్సరం 1399, వాడవలసిన గడువు 1402. ఇరాన్ వారి సౌర సంవత్సరం మార్చిలో మొదలవుతుంది కాబట్టి, 1402 అంటే మన లెక్కలో 2023 మార్చి నుంచి 2024 మార్చి దాకా. అంటే గడువు దాటిపోయిన సరుకును ఏడో నెల గర్భిణి చేతిలో పెట్టి వచ్చాను.

ఇరాన్ పువ్వు చెడ్డదని నేను అనడం లేదు. ప్రపంచంలో పండే కుంకుమపువ్వులో అత్యధిక భాగం అక్కడిదే, అందులోనూ ఖొరాసాన్ ప్రాంతానిది. కానీ అక్కడ పండినదానికే ఆ పేరు చెల్లుతుందనే భౌగోళిక గుర్తింపును 2020లో పొందిన కశ్మీరు పువ్వు పేరు చెప్పి, ఆ ధర వసూలు చేసి, వాసన, రంగు రెండూ తగ్గిపోయే పాత సరుకును అంటగట్టడాన్ని ఏమనాలి? నీళ్ల పరీక్ష అది కుంకుమపువ్వు అని మాత్రమే చెబుతుంది. ఎక్కడ పండింది, ఎప్పుడు డబ్బాలో పెట్టారు అన్న సంగతులు చెప్పవలసింది డబ్బా, ఆ డబ్బానేమో బస్సులో ఎవరికీ చదవడం రాదు. ఆయన ధైర్యమంతా అదే.

ఈ ఉదయం కార్యాలయానికి వెళ్లాను. తాను కూడా రైతు చేతిలో మోసపోయానని అంటారేమో, డబ్బు తిరిగి ఇస్తే చాలు అనుకుంటూ వెళ్లాను. 1402 అన్నది లాటు నంబరని చెబుతూ ఆయన రసీదు పుస్తకం కోసం సొరుగు తీశారు. అందులో అవే డబ్బాలు ఉన్నాయి. వాటిలో ఒకదాని వెనుక ఇంకా పీకని తెల్ల చీటీ కనిపించింది. ఇంగ్లీషులో దిగుమతిదారు పేరు, ఢిల్లీ చిరునామా, ఇరాన్ అన్న మాట నా కంటపడ్డాయి. మా డబ్బాల వెనుక అదే చోట నలుచదరంగా జిగురు మరక ఎందుకుందో అప్పుడు అర్థమైంది. అది ఒకసారి చూపించమని చేయి చాపాను. ఆయన నా వేళ్లు నలుగుతాయేమో అని కూడా చూడకుండా సొరుగు మూసేశారు.

ఆ తరువాత అన్న మాట ఇది. "ఏటండీ మాస్టారూ, లచ్చ రూపాయలెట్టి మంచు సూసొచ్చినోరు డబ్బా మీద అచ్చరాల గురించి ఇంత గోల సేత్తారేటి? పాలల్లో ఏసీసినాక ఇరానైతే ఏటి, కశ్మీరైతే ఏటి?" మా అమ్మాయి సంగతి ఆయనకు తెలుసు. బస్సులో ఆయనే బిడ్డ ఎర్రగా పుడతాడని దీవించి మరీ డబ్బాలు అందించారు. అక్కడ కొత్త యాత్రకు వివరాలు కనుక్కోవడానికి వచ్చిన దంపతులు కూర్చుని ఉంటే, వాళ్ల వైపు తిరిగి "సదువుకున్నోరితోనే వస్తాది సిక్కంతా" అని నవ్వారు. ఆ దంపతులు నవ్వలేదు, వారికి నా నమస్కారం. ఇంటికి వచ్చి శ్రీకాకుళం ఫోన్ చేసి, ఆ డబ్బా తెరవవద్దని వియ్యపురాలికి చెప్పడానికి నాకు ఎంత నామోషీగా అనిపించిందో ఆడపిల్ల తండ్రులకు విడిగా చెప్పనక్కరలేదు.

కొనేవారు చూసుకోవలసినవి పెద్దగా లేవు. దిగుమతి చేసిన ఆహార పదార్థాన్ని మన దేశంలో అమ్మాలంటే ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ వివరాలు, దిగుమతిదారు చిరునామా, ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల లైసెన్సు సంఖ్య డబ్బా మీద ఉండాలి. అవి లేని డబ్బా ఎంత అందంగా ఉన్నా వద్దు, బిల్లు ఇవ్వనంటే అసలే వద్దు. నాకు బిల్లు లేదు కానీ ఫోన్ ద్వారా డబ్బు కట్టిన వివరం ఉంది. వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 5 లక్షల రూపాయల లోపు విలువకు అక్కడ రుసుము కూడా లేదు. మా బస్సులో కొన్నవారు డబ్బాలు పారేయకుండా, జిగురు మరక కనిపించేలా ఫొటోలు తీసి నాకు పంపండి. ఆయన ఇప్పుడు మనాలీ బృందానికి పేర్లు రాసుకుంటున్నారు.