మోడల్ రైలు లేఅవుట్ (పట్టాలు, స్టేషన్లు, కొండలతో చేసే బొమ్మ ఊరు) చేసేవాళ్ళకి హెచ్చరిక: ఆ "తిరుమల కొండల సీనరీ కిట్" కొనబాకండి

తిరుపతి, రేణిగుంట, చిత్తూరు పక్క మోడల్ రైళ్ళు పెట్టుకునే అన్నలకీ తమ్ముళ్ళకీ అందరికీ చెప్తా ఉండా. ఇన్‌స్టాలో ఒక పేజీ వాళ్ళు హెచ్‌ఓ స్కేల్‌కి (అసలు రైలులో 87వ వంతు సైజు) "తిరుమల కొండల సీనరీ కిట్" అని ఒకటి అమ్ముతా ఉండారు. బాలస్ట్ (పట్టాల కింద పరిచే కంకర), గడ్డి, చెట్లు, రాళ్ళ అచ్చులు, మనుషుల బొమ్మలు, జిగురు అన్నీ ఒకే డబ్బాలో, ధర 6,800. దయచేసి తీసుకోబాకండి. డబ్బులు పోతే పోయినాయి, మళ్ళీ సంపాదించుకోవచ్చు, దాంట్లో వచ్చే బాలస్ట్ మాత్రం ఇంజిన్ మోటార్‌నే తినేస్తాది. మావాళ్ళవి రెండు ఇంజిన్లు నిలబడిపోయినాయి. పేజీ పేరు ఇక్కడ పెట్టడం లేదు, కంప్లైంట్ నడస్తా ఉండాది. ఆ పేజీ పేరు మార్చుకున్నా మీరు గుర్తుపట్టేటట్టు వివరంగా రాస్తా ఉండా, పొడుగైనా చదవండి.

మేము కొంతమందిమి కలిసి మాడ్యూల్స్ పద్ధతిలో చేస్తాం. ఒక్కొక్కరు ఇంటికాడ ఒక్కో ముక్క చేసుకొని, సెలవులొస్తే అందరం ఒకచోట చేరి ఆ ముక్కలన్నీ బోల్టులతో కలిపి రైళ్ళు నడుపుతాం. మాది పాకాల నుంచి తిరుపతి మీదుగా రేణిగుంట దాకా పోయే లైను. ఒకరిది చంద్రగిరి స్టేషన్, ఒకరిది రేణిగుంట యార్డు, నాది కొండ వారగా పోయే ముక్క, చిత్తూరు తమ్ముడిది పాకాల జంక్షన్. ఇట్లా కలిపి నడిపేటప్పుడు ఎవురి ఇంజిన్ అయినా అందరి పట్టాల మీదా తిరగాల కదా, అంటే ఒక ముక్కలో చెడ్డ సరుకు పడితే దెబ్బ అందరి ఇంజిన్లకీ తగుల్తాది. ఈసారి అదే జరిగింది. ఆ కిట్ బాలస్ట్ వేసింది తమ్ముడి పాకాల ముక్కలో, ఆగిపోయినవి మాత్రం రేణిగుంట అన్న ఇంజిన్, ఇంకోటి నా డబ్ల్యూడీఎం డీజిల్ ఇంజిన్. తమ్ముణ్ణి ఎవురూ ఏమీ అనలేదు, అనేదానికి ఏం లేదు కూడా, ప్యాకెట్ మీద "రైల్వే బాలస్ట్, హెచ్‌ఓ" అని అచ్చేసి ఉంటే ఎవురైనా నమ్ముతారు.

నడస్తా నడస్తా ఇంజిన్ ముందు కొంచెం గుర్రుమనింది, తర్వాత వేడెక్కి వాసనొచ్చింది, తర్వాత కదల్లేదు. పైన బాడీ తీసి మోటార్ చూస్తే అయస్కాంతం చుట్టూ నల్లగా, సన్నగా, మీసం మాదిరి ఏదో లేచి నిలబడి ఉండాది. వేలితో తాకితే గరగరమనింది. అది ఇనప రజను. చిన్నప్పుడు పాత స్పీకర్ అయస్కాంతానికి దారం కట్టి ఇసకలో ఈడ్చి తీసేవాళ్ళం చూడు, అచ్చం అదే. వెంటనే తమ్ముడి దగ్గర మిగిలిన ప్యాకెట్ తెప్పించి కాగితం మీద పోసి, అయస్కాంతాన్ని పాలితిన్ కవర్లో పెట్టి మీదుగా తిప్పితే సగానికి సగం ఎగిరి అతుక్కునింది. వాళ్ళు అమ్మింది బాలస్ట్ కాదు, నల్ల ఇసక, దానికి బూడిద రంగు పట్టించి ప్యాక్ చేసినారు.

తెలియని వాళ్ళ కోసం, ఇది ఎందుకు ఇంత డేంజరో చెప్తా. మన ఇంజిన్లలో ఉండేది పర్మనెంట్ మాగ్నెట్ ఉన్న డీసీ మోటార్. పట్టాలకీ దానికీ మధ్య దూరం చాలా తక్కువ, పైగా కింద గేర్లకి గ్రీజు ఉంటాది. వదులుగా ఉన్న ఇనప రేణువుల్ని ఆ మాగ్నెట్ పైకి లాక్కుంటాది. అవి పోయి ఆర్మేచర్‌కీ (మోటార్ లోపల తిరిగే భాగం) మాగ్నెట్‌కీ మధ్యలో ఇరుక్కుంటాయి, కొన్ని గ్రీజులో కలిసి గేర్ల పళ్ళని అరగదీస్తాయి. పట్టాలు నికెల్ సిల్వర్ కాబట్టి అయస్కాంతానికి అంటుకోవు, అందుకే పైకి చూస్తే ఏమీ తెలీదు, అంతా బాగున్నట్టే ఉంటాది. జిగురేసి గట్టిగా అతికించినాం కదా అనుకుంటే అదీ కాదు, ఎంత అతికించినా పైపైన కొన్ని రేణువులు ఊడతానే ఉంటాయి.

ఇంకో మోసం సైజులో. మన రైల్వే బాలస్ట్ రాయి సుమారు 20 మిల్లీమీటర్ల నుంచి 65 మిల్లీమీటర్ల దాకా ఉంటాది. హెచ్‌ఓ అంటే 87లో ఒక వంతు కాబట్టి మోడల్లో రేణువు పావు మిల్లీమీటర్ నుంచి ముప్పావు మిల్లీమీటర్ మధ్యలో ఉండాల. వీళ్ళ ప్యాకెట్లో ఆ నల్ల ఇసకతో పాటు రెండు మిల్లీమీటర్ల పలుకులు కూడా కలిపినారు. 87తో గుణించి చూడండి, 17 సెంటీమీటర్లు, పట్టాల మధ్యలో కొబ్బరికాయలు పరిచినట్టు ఉంటాది.

మనుషుల బొమ్మలు కూడా హెచ్‌ఓ కావు. ఐదున్నర అడుగుల మనిషి హెచ్‌ఓలో సుమారు 19 మిల్లీమీటర్లు రావాల. ఇవి 11 మిల్లీమీటర్లు ఉండాయి, అంటే బిల్డింగ్ మోడల్స్ చేసేవాళ్ళు వాడే 1:150 సైజు. ప్లాట్‌ఫారం మీద నిలబెడితే పెద్దోళ్ళు కూడా చిన్న పిల్లోళ్ళ మాదిరి కనిపిస్తారు. చెట్లకి తడి తగిలితే పచ్చ రంగు దిగి పట్టా మీదకి కారింది. గడ్డి అయితే స్టాటిక్ గ్రాస్ (కరెంటు చార్జ్‌తో నిటారుగా నిలబెట్టే గడ్డి పోగులు) అని రాసినారు గానీ మెషిన్లో పోసి వేస్తే ఒక్క పోగు కూడా లేచి నిలబడలేదు, తడిసిన దూది లాగా ఉండలు కట్టింది. స్టాటిక్ గ్రాస్ నైలాన్ పోగులకి చార్జ్ పట్టేటట్టు ప్రాసెస్ చేసి ఉంటారు, అది లేని పోగుల్ని ఎంత ఓల్టేజ్ పెట్టినా నిలబెట్టలేం.

జిగురు గురించి కూడా చెప్పాల. సీసా మీద పేరు లేదు, మూత తీస్తే ఘాటుగా పెట్రోలు వాసన. అది థర్మాకోల్ మీద వేస్తే థర్మాకోల్ కరిగి గుంత పడింది, తమ్ముడు వారాల తరబడి చెక్కిన కట్ట మధ్యలో కుంగిపోయింది. థర్మాకోల్‌కి ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు తప్ప ఘాటు వాసన వచ్చేది ఏదీ వాడకూడదు, సీనరీ కిట్ అని అమ్మేవాడికి ఇది తెలీకుండా ఉంటాదా?

ఫోటోల సంగతి వింటే ఇంకా బాధేస్తాది. వాళ్ళ పేజీలో "తిరుమల కొండలు" అని పెట్టిన లేఅవుట్ ఫోటో చాలా అందంగా ఉంటాది. బాగా చూస్తే రాళ్ళన్నీ తెల్లగా, బూడిద రంగులో ఉండాయి. మన శేషాచలం రాయి క్వార్ట్‌జైట్, ఎర్రగా, ఇటుక రంగుకీ కాషాయానికీ మధ్యలో ఉంటాది, అడ్డంగా పొరలు పొరలుగా, అంచు కోసినట్టు నిటారుగా ఉంటాది. ఘాట్ రోడ్డులో ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అని జియాలజీ వాళ్ళు గుర్తించిన చోటు ఉండాది కదా, కింద పాత గ్రానైట్, దానిమీద నగరి క్వార్ట్‌జైట్, అక్కడ ఒక్కసారి బండి ఆపి చూసినోళ్ళు ఎవురూ ఆ ఫోటోని తిరుమల అనరు. గూగుల్ లెన్స్‌లో పెడితే అది యూరప్‌లో ఎవురో చేసుకున్న ఆల్ప్స్ లేఅవుట్ అని తేలింది. ఒకరు ఏళ్ళు కష్టపడి చేసి, నలుగురూ చూసి నేర్చుకోనీ అని పంచుకుంటే, దాన్ని దొంగిలించి మన కొండ పేరు పెట్టి అమ్ముకోవడం, నాకు ఇంజిన్ పోయినదానికంటే ఇదే ఎక్కువ మండింది.

మెసేజ్ పెడితే మొదట "చేత్తో చేసిన సరుకు, రిటర్న్ లేదు" అన్నారు. అయస్కాంతం వీడియో పంపిస్తే "మీ ఇంజిన్ క్వాలిటీ బాలేదు" అన్నారు, ఆ తర్వాత బ్లాక్. బిల్లు ఇయ్యలేదు, డబ్బులు ఒక మనిషి పర్సనల్ యూపీఐకి తీసుకున్నారు. ఎవురైనా సీనరీ అమ్మేవాళ్ళు బిల్లు ఇవ్వం అంటే అక్కడే ఆపేయండి. ఫోటోలో ఉన్నది మీరే చేసినారా, అదే లేఅవుట్‌ని ఇంకో పక్కనుంచి వీడియో తీసి పంపండి అని అడగండి, చేసినోళ్ళయితే నిమిషంలో పంపిస్తారు.

ఇప్పటికే ఈ బాలస్ట్ వేసేసిన వాళ్ళు ముందు రైళ్ళు నడపడం ఆపండి. తెల్ల జిగురుతో అతికించి ఉంటే వేడి నీళ్ళలో కొంచెం గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి స్ప్రే చేసి నానబెట్టండి, మెత్తబడినాక పుట్టీ బ్లేడుతో నిదానంగా గీకితే వచ్చేస్తాది, పాయింట్ల (పట్టాలు విడిపోయే చోటు) దగ్గర మాత్రం బ్రష్షే వాడండి. మొత్తం ఆరినాక కవర్లో చుట్టిన అయస్కాంతం పట్టా పొడుగునా తిప్పండి. మోటార్ మాగ్నెట్‌కి అంటుకున్న రజను ఊదితే పోదు, టేపు జిగురు పక్కని అద్ది అద్ది తీయాల, మా రేణిగుంట అన్నది అట్లా చేస్తే మళ్ళీ తిరిగింది. నాది కాలిపోయింది.

బాలస్ట్ కోసం మన దగ్గర కొనాల్సిన పనే లేదు, చిత్తూరు చుట్టూ గ్రానైట్ క్రషర్లు ఉండాయి, ఒక సంచి డస్ట్ అడిగితే ఇస్తారు. బాగా కడిగి, ఎండబెట్టి, సన్న జల్లెడలో రెండు రకాలుగా పట్టుకోండి. గ్రానైట్‌లో కూడా కొంచెం ఇనప రేణువులు ఉంటాయి కాబట్టి అయస్కాంతానికి ఏమీ అంటుకోనంత వరకూ తిప్పతానే ఉండండి, ఇంకొకరికి ఇచ్చేముందు మళ్ళీ ఒకసారి. ఎండు గడ్డికి కొబ్బరి పీచు సన్నగా కత్తిరిస్తే మన ఎండాకాలం రంగు దానంతటదే వస్తాది. మా మాడ్యూల్స్ గ్రూపులో ఇకమీదట ఎవురి ముక్క అయినా కలిపేముందు అందరి ముందర అయస్కాంతం తిప్పాల అని పెట్టుకున్నాం, కలిపి నడిపే మిగతావాళ్ళు కూడా ఇది పెట్టుకోండి.

కంప్లైంట్ విషయం: జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేసినాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినోడు యాడ ఉన్నా మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయాల. మేమూ వేస్తా ఉండాం. ఈ కిట్ కొన్నోళ్ళు ఇంకా ఎవురైనా ఉంటే ప్యాకెట్, ఆ జిగురు సీసా, యూపీఐ స్క్రీన్‌షాట్, వాళ్ళతో చాట్ ఏదీ పారేయబాకండి, డిలీట్ చేయబాకండి. అయస్కాంతం తిప్పేటప్పుడు ప్యాకెట్ మీద అక్షరాలు కనిపించేటట్టు వీడియో తీసి నాకు పంపించండి, మా కంప్లైంట్‌తో పాటు అవి కూడా పెడతాం.