యాభై నిండిన గోల్ఫర్‌కు ఏది మేలు: అమెరికా చాంపియన్స్ టూరా, యూరప్ లెజెండ్స్ టూరా?

సీనియర్ ప్రొఫెషనల్ గోల్ఫ్‌లో అడుగు పెట్టాలంటే పోటీ మొదలయ్యే రోజుకు 50 ఏళ్లు నిండి ఉండాలి. ఆ పుట్టినరోజు దగ్గరపడుతున్న ఆటగాడి ముందు ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి పీజీఏ టూర్ చాంపియన్స్. ఇది 1980లో అమెరికాలో సీనియర్ పీజీఏ టూర్ పేరుతో మొదలైంది. రెండోది లెజెండ్స్ టూర్. 1992లో యూరప్‌లో పుట్టింది, 2020 నుంచి ఈ పేరుతో నడుస్తోంది. ప్రైజ్ మనీ ఒక్కటే చూస్తే అమెరికాకు సాటి లేదు. కానీ ఎంచుకునేవాడు ముందు అడగాల్సిన ప్రశ్న వేరు: ఏడాదిలో ఎన్ని వారాలు నాకు ఖాయంగా టీ టైమ్, అంటే పోటీలో ఆడే చోటు, ఇస్తారు?

డబ్బు లెక్క త్వరగా తేలిపోతుంది. అమెరికాలో మామూలు వారం పోటీకి కూడా ప్రైజ్ మనీ 20 లక్షల డాలర్ల స్థాయిలో ఉంటుంది. విజేతకు అందులో 15 శాతం, అంటే 3 లక్షల డాలర్లు. కుర్రాళ్ల పీజీఏ టూర్‌లో మామూలుగా విజేత వాటా 18 శాతం. ఇక్కడ పైవాడికి తగ్గిన ఆ మూడు శాతం కిందివాళ్లకు సర్దుబాటవుతుంది. మామూలు పోటీల్లో దాదాపు 78 మంది ఆడతారు, కట్ (వెనకబడినవాళ్లను మధ్యలోనే ఇంటికి పంపడం) ఉండదు, మూడు రౌండ్లు పూర్తిచేసిన ప్రతివాడికీ ఎంతో కొంత ముడుతుంది. జనవరిలో హవాయిలోని హువలలైలో మొదలై నవంబర్‌లో ఫీనిక్స్‌లో ముగిసేలోపు రెండు డజన్లకు పైగా పోటీలుంటాయి. లెజెండ్స్ టూర్‌లో చాలా పోటీల మొత్తం ప్రైజ్ మనీ కొన్ని లక్షల యూరోలే. వారాలూ తక్కువ. ఆట ఎక్కువగా యూరప్ వేసవి చుట్టూ తిరిగి, సీజన్ చివరికి మారిషస్ చేరుతుంది.

అసలు చిక్కు ఆ 78 చోట్లు నిండే తీరులో ఉంది. గత ఏడాది చార్లెస్ స్క్వాబ్ కప్ (ఈ టూర్ సీజన్ చాంపియన్‌కు ఇచ్చే కప్పు) పట్టికలో మొదటి 36 మంది ముందే కూర్చుని ఉంటారు. తర్వాత కెరీర్ మొత్తంలో ఎక్కువ టైటిళ్లు గెలిచినవాళ్లు, ఎక్కువ డబ్బు సంపాదించినవాళ్లు, ఇటీవలి విజేతలు, స్పాన్సర్ పిలిచినవాళ్లు. ఆ కెరీర్ పట్టికల్లో లెక్కకు వచ్చేది అమెరికా టూర్లలో చేసిన పని. పాతికేళ్లు యూరప్‌లో నిలకడగా ఆడినవాడు కూడా అక్కడ కొత్తవాడే. వీళ్లందరి తర్వాత మిగిలేది క్వాలిఫయింగ్ స్కూల్, అంటే టూర్‌లో చోటు కోసం జరిగే అర్హత పోటీ. అందులో పూర్తి హోదా దక్కేది మొదటి ఐదుగురికే. ఆరో స్థానంలో నిలిచినవాడు ఒక్క స్ట్రోక్ తేడాతో ఏడాది పొడవునా గుమ్మం బయట ఉండిపోవచ్చు.

అలాంటివాడికి మిగిలే దారి వారం మొదట్లో జరిగే 18 హోల్స్ (ఒక్క రౌండ్) క్వాలిఫయర్. కొద్దిపాటి చోట్ల కోసం ఒక్క రోజు పందెం. ఓడితే విమానం టికెట్, హోటల్, కేడీకి వారం జీతం అన్నీ సొంత ఖర్చే, రాబడి సున్నా. ఈ దారిలో వెళ్లి శిఖరం ఎక్కినవాడు లేడని కాదు. న్యూజిలాండ్ ఆటగాడు స్టీవెన్ ఆల్కర్‌కు 2021 జూలై 28న 50 నిండాయి. ఆగస్టులో బోయింగ్ క్లాసిక్‌కు క్వాలిఫయర్ ఆడి చోటు సంపాదించి, ఆ పోటీలో మొదటి పది మందిలో నిలిచాడు. మొదటి పదిలో ఉంటే తర్వాతి మామూలు పోటీకి నేరుగా ప్రవేశం దొరుకుతుంది. ఆ ఒక్క నిబంధనను నిచ్చెనలా వాడుకుని వారం తర్వాత వారం నిలబడి, నవంబర్‌లో టింబర్‌టెక్ చాంపియన్‌షిప్ గెలిచాడు. 2022లో నాలుగు టైటిళ్లతో పాటు చార్లెస్ స్క్వాబ్ కప్పూ అతనిదే. 2024లో మళ్లీ అతనిదే. చూడటానికి ఎంతో అందమైన ప్రయాణం. కానీ దాని మెట్లు గమనించండి: ఒక్క వారం పదకొండో స్థానానికి జారినా మళ్లీ క్వాలిఫయర్ దగ్గరకే. దాన్ని నమ్ముకుని ఇల్లు మారడం తెలివైన పని కాదని మా గట్టి అభిప్రాయం.

లెజెండ్స్ టూర్‌ను అమెరికాకు పక్క తలుపుగా వాడుకున్నవాళ్లున్నారు. ఇంగ్లండ్ ఆటగాడు పాల్ బ్రాడ్‌హర్స్ట్ 2015లో యూరప్ సీనియర్ టూర్‌లో స్కాటిష్ సీనియర్ ఓపెన్ గెలిచాడు. 2016లో కార్నూస్టీలో సీనియర్ ఓపెన్ చాంపియన్‌షిప్ గెలిచాడు. సీనియర్ ఓపెన్ రెండు టూర్లకూ ఉమ్మడి మేజర్, అంటే ఏడాదిలోని అతి పెద్ద పోటీల్లో ఒకటి. దాంతో అతనికి అమెరికా తలుపు తెరుచుకుంది. ఆ ఏడాదే పెబుల్ బీచ్‌లో గెలిచాడు, 2018లో సీనియర్ పీజీఏ చాంపియన్‌షిప్ కూడా పట్టాడు. అంతకుముందు రోజర్ చాప్‌మన్ కథ ఇంకా పెద్దది. యూరోపియన్ టూర్‌లో ఒకే ఒక్క టైటిల్ ఉన్న ఆ ఇంగ్లండ్ ఆటగాడు 2012లో సీనియర్ పీజీఏ, యూఎస్ సీనియర్ ఓపెన్ రెండూ గెలిచాడు. స్కాట్లండ్ ఆటగాడు కాలిన్ మాంట్‌గోమరీ యూరప్‌లో 31 టైటిళ్లు గెలిచినా అమెరికా పీజీఏ టూర్‌లో ఒక్కటీ గెలవలేదు. సీనియర్ అయ్యాక 2014, 2015లలో మూడు మేజర్లు గెలిచాడు. ఆట సత్తాలో అట్లాంటిక్‌కు ఇటూ అటూ ఉన్న తేడా జనం అనుకున్నంత లేదు. తేడా అంతా తలుపుల దగ్గరే.

ఇక మైదానంలో. రెండు టూర్లలోనూ మామూలు పోటీ 54 హోల్సే (మూడు రౌండ్లు), శుక్రవారం నుంచి ఆదివారం వరకు అన్నది ఎక్కువగా కనిపించే పద్ధతి. కొత్తగా 50 దాటినవాళ్లు ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పాతికేళ్లుగా కట్ తప్పించుకోవడానికి తొలిరోజు జాగ్రత్తగా, గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మధ్యకు కొట్టడం అలవాటైపోయి ఉంటుంది. ఇక్కడ ఆ జాగ్రత్త నష్టం తెస్తుంది. తొలిరోజు మీరు 74 కొట్టి, లీడర్ 66 కొట్టాడనుకోండి. ఎనిమిది స్ట్రోక్స్ వెనకబడ్డారు, మిగిలింది రెండు రౌండ్లు. రౌండుకు నాలుగు చొప్పున లాగాలి. నాలుగు రోజుల పోటీ అయితే రౌండుకు మూడు కన్నా తక్కువ లాగితే చాలు. పైగా సీనియర్ కోర్సులు మామూలుగా 7,000 గజాలకు అటూఇటూ ఉంటాయి, పార్ 5ల (ఐదు షాట్లలో ముగించాలని లెక్క ఉన్న హోల్స్) గ్రీన్‌లు రెండు షాట్లలో అందుతాయి. అక్కడ పార్‌తో సరిపెట్టుకుంటే పట్టికలో కిందికి జారినట్టే. శుక్రవారం ఉదయం మొదటి టీ నుంచే జెండా వైపు గురిపెట్టే అలవాటు చేసుకోవాలి. అందుకు వెడ్జ్ (దగ్గరి షాట్ల కర్ర) సాధన డ్రైవర్ (దూరపు షాట్ల కర్ర) సాధన కన్నా ఎక్కువ ఫలం ఇస్తుంది.

మేజర్లు వేరు. ఐదూ 72 హోల్సే (నాలుగు రౌండ్లు). వాటిలో సీనియర్ పీజీఏ, యూఎస్ సీనియర్ ఓపెన్, సీనియర్ ఓపెన్‌లకు 36 హోల్స్ తర్వాత కట్ ఉంటుంది. రఫ్ (దారికి పక్కన పెరిగిన గడ్డి) దట్టంగా ఉంటుంది, పార్‌కు విలువ వస్తుంది. బంతిని నిటారుగా కొట్టి ఓపిక పట్టే ఆటగాడికి ఇవే అచ్చొస్తాయి. జర్మనీ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్ 2023లో 65 ఏళ్ల వయసులో యూఎస్ సీనియర్ ఓపెన్ గెలిచి, అమెరికా సీనియర్ టూర్‌లో 46వ టైటిల్‌తో హేల్ ఇర్విన్ రికార్డు దాటింది ఇలాంటి కోర్సు మీదే.

అమెరికా సీజన్ చివర ప్లేఆఫ్స్ అనే మూడు వడపోత పోటీలు ఉంటాయి. మొదటిదానిలో 72 మంది, తర్వాత 54, చివరికి 36. 2016లో ఇవి మొదలయ్యాక మరుసటి ఏడాదే లాంగర్ మూడు మేజర్లతో కలిపి ఏడు టైటిళ్లు గెలిచాడు. అందులో ప్లేఆఫ్స్ మొదటి రెండు పోటీలూ ఉన్నాయి. అయినా కప్పు, దాంతోపాటు వచ్చే పది లక్షల డాలర్ల యాన్యుటీ (విడతలుగా ఇచ్చే సొమ్ము), చివరి పోటీ గెలిచిన కెవిన్ సదర్లాండ్‌కు వెళ్లాయి. ఆ ఏడాది సదర్లాండ్‌కు అదొక్కటే టైటిల్. సీజనంతా శ్రమించినవాడికి అది అన్యాయమే. మామూలు ఆటగాడు మాత్రం కప్పు కన్నా 36వ గీత మీదే కన్నేయాలి. దానిపైన ఉంటే వచ్చే ఏడాది చోటు ఖాయం.

అమెరికా టూర్‌లో టైటిళ్లో పెద్ద సంపాదనో ఉన్నవాడు నేరుగా చాంపియన్స్ టూర్‌కు వెళ్లాలి, అందులో ఆలోచించేది లేదు. 50 నుంచి 55 వరకు ఒంట్లో సత్తువ ఉన్న కాలం, ఒక్క సీజన్ వృథా చేసినా తిరిగిరాదు. ఆ హోదా లేనివాడు లెజెండ్స్ టూర్‌ను ఇల్లుగా పెట్టుకోవాలి. ప్రతి వారం పోటీ స్కోరు రాసుకుంటూ ఆట పదునుగా ఉంచుకుని, ఏటా అమెరికా క్వాలిఫయింగ్ స్కూల్‌కు ఒకసారి వెళ్లాలి. సీనియర్ ఓపెన్‌కు, వీలైతే మిగతా కట్ ఉన్న మేజర్లకు క్వాలిఫై కావాలి. ఏడాది ఖర్చులో విడిగా ఉంచాల్సింది ఈ కొద్ది ప్రయాణాల సొమ్మే. క్వాలిఫయర్ల కోసం వారం వారం అమెరికా తిరగడం, కనీసం ఒకసారి మొదటి పదిలో నిలిచాక మొదలుపెట్టొచ్చు.