మిల్లర్ డ్రమ్ములో బిగిసిన కాంక్రీటు: కంకరా, ఉలా, యాసిడా? ఏది మేలు?

మన కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో ఇళ్ల స్లాబు పనులకు ఎక్కువగా కనిపించే కాంక్రీటు కలిపే యంత్రం 10/7 మిల్లర్. కలపని సరుకు 10 ఘనపుటడుగులు పోస్తే కలిసిన కాంక్రీటు 7 ఘనపుటడుగులు దిగుతుందని దాని అర్థం. డ్రమ్ము గోడలకూ బ్లేడ్ల మూలలకూ కాంక్రీటు పేరుకొని బిగిసిపోతే, బ్లేడ్లు సరుకును పైకెత్తి పడవేయలేవు. అప్పుడు సిమెంటు ఒకచోట ముద్దకట్టి, కంకర మరొకచోట పొడిగా మిగిలి, ఆ లోపం నేరుగా స్లాబులోకి వెళుతుంది.

ఏ పద్ధతి మేలో ముందుగా ఆ పొర వయసును బట్టి తేలుతుంది. 28 రోజులకు రావలసిన బలంలో కాంక్రీటు మొదటి రోజుకు సుమారు 16 శాతం, మూడో రోజుకు 40 శాతం, ఏడో రోజుకు 65 శాతం అందుకుంటుంది. నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో తొలి గంటల బిగింపు ఇంకా త్వరగా జరుగుతుంది కనుక, మధ్యాహ్నం భోజనానికి కడగకుండా వదిలిన డ్రమ్ము సాయంత్రానికే మొండికేస్తుంది.

పొర అదే రోజుదైతే కంకరకు మించినది లేదు. 20 మిల్లీమీటర్ల కంకర నాలుగైదు తట్టలు, నీళ్లు రెండు బకెట్లు పోసి పావుగంట తిప్పితే, రాళ్ల రాపిడికి పొర చాలావరకు ఊడివస్తుంది. ట్యాంకరు నీళ్లతో పని నడిచే అనంతపురం పల్లెల్లో ఇంత తక్కువ నీటితో పని జరగడం చిన్న విషయం కాదు. అయితే వారాల నాటి మందపు గడ్డల మీద ఈ పద్ధతి పనిచేయదు. వాహనాలు కడిగే ప్రెషర్ పంపు కూడా తాజా మడ్డిని కడగగలదు కానీ, బిగిసిన దానిని కదిలించలేదు.

అసలు పోటీ యాసిడుకూ ఉలికీ మధ్యనే. హార్డువేర్ దుకాణాల్లో దొరికే హైడ్రోక్లోరిక్ యాసిడ్ చవక, శ్రమ కూడా తక్కువ కనుక చాలామంది మొదట దానివైపే చూస్తారు. అది సిమెంటు ముద్దలోని సున్నపు భాగాన్ని కరిగిస్తుంది గానీ గ్రానైటు కంకరను తాకదు. కనుక మందపు పొర మీద పోసినప్పుడు పైపైన మాత్రమే మెత్తబడి, మళ్లీ మళ్లీ పోయవలసి వస్తుంది. ఈలోగా అది డ్రమ్ము ఇనుమునూ తింటుంది. ఇనుముతో కలిసినప్పుడు పుట్టే హైడ్రోజన్ మండే వాయువు కాబట్టి పక్కనే బీడీ వెలిగించడం ప్రమాదకరం. ఘాటైన పొగ డ్రమ్ము మూతి దగ్గరే నిలిచి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. సరిగా కడగకపోతే మిగిలిన క్లోరైడు తర్వాతి కాంక్రీటులో చేరి స్లాబు కమ్మీలకు తుప్పు తెస్తుంది. కడప బండలు పరిచిన వాకిట్లో ఈ పని అసలే చేయకూడదు. అవి సున్నపురాయి కాబట్టి యాసిడ్ చుక్క పడినచోటల్లా నురగ వచ్చి, మెరుపు పోయి గుంట పడుతుంది. అందువల్ల యాసిడును పలుచని తెల్లపొరకే పరిమితం చేయాలని నా అభిప్రాయం. అప్పుడైనా నీళ్లలో యాసిడ్ పోయాలి గానీ యాసిడులో నీళ్లు పోయరాదు. రబ్బరు చేతితొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

మందపు గడ్డకు ఉలీ సుత్తే మేలు. ఇంజను ఆపి, బెల్టు తీసి, డ్రమ్ము తిరగకుండా చెక్కతో బిగించిన తర్వాతే ఎవరైనా లోపల చేయి పెట్టాలి. వెడల్పు ఉలిని గోడకు నిటారుగా కాక ఏటవాలుగా, పొర అంచున ఇనుముకూ కాంక్రీటుకూ మధ్య దూరేలా పెట్టి కొడితే పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. పని తొందరైతే చిన్న కరెంటు బ్రేకర్ వాడవచ్చు. రోడ్లు పగలగొట్టే పెద్ద బ్రేకర్ డ్రమ్ము రేకును చీల్చివేస్తుంది. పొరను ముందే తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి, ఎందుకంటే ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే నయంకాని జబ్బు తెస్తుంది. కొందరు బేల్దార్లు బయటినుంచి సమ్మెటతో బాదుతారు; అది అన్నిటికంటే చెడ్డ పద్ధతి. డ్రమ్ముకు పడిన ప్రతి సొట్టలోనూ తర్వాతి కాంక్రీటు చేరి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మంటతో కాల్చడమూ తగదు, లోపలి తేమ ఆవిరై ముక్కలు ఎగిరి ముఖాన తగులుతాయి.

ఇక ఇంజను మధ్యలో ఆగి, కలిసిన సరుకంతా డ్రమ్ములోనే ఉండిపోయిన సందర్భం వేరు. అప్పుడు 50 కిలోల సిమెంటు బస్తాకు అరకిలో చక్కెర నీళ్లలో కరిగించి పోసి, చేత్తో డ్రమ్ము తిప్పి కలిపితే బిగింపు దాదాపు ఆగిపోతుంది, తీరిగ్గా పారతో తోడివేయవచ్చు. ఆ సరుకును మాత్రం స్లాబుకు గానీ పునాదికి గానీ వాడకూడదు. ఇప్పటికే బిగిసిపోయిన పొర మీద చక్కెర చల్లినా ప్రయోజనం ఉండదు.