అరువు గొంతు, సొంత గొంతు

2009లో వచ్చిన ‘అరుంధతి’లో పశుపతి దేహం సోనూ సూద్‌ది, గొంతు పి. రవిశంకర్‌ది, ‘బొమ్మాళీ’ అన్న పిలుపులో చివరి అచ్చును సాగదీసి, అడుగున గరగరను కలిపినప్పుడు, ముఖం చూడకపోయినా వాడి కామమూ పగా మనకు తెలిసిపోతాయి. మనిషి పరిధిని దాటిన పాత్రకు అరువు గొంతే మేలేమో.

ఇంటి పక్క అమ్మాయి సంగతి వేరు. ‘ఫిదా’ (2017)లో బాన్సువాడ పిల్ల భానుమతికి, తమిళనాడు నుంచి వచ్చిన సాయిపల్లవి తానే డబ్బింగ్ చెప్పుకున్నారు. నిజామాబాద్ వాళ్ల చెవికి యాస అక్కడక్కడ తేడాగా తగలవచ్చు గాక, నేను ఆ పద్ధతికే మొగ్గుతాను. ఎందుకంటే మాటకు మాట అప్పజెప్పే ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగినప్పుడు గొంతు కూడా అదే క్షణంలో జీరబోతుంది.