పిల్లికి 50 ఎం.ఎం., పిట్టకి 70-300 జూమ్: ముందు ఏ లెన్సు?

కిటికీ వెలుతురులో కూర్చున్న పిల్లిని తీయడానికి 50 ఎం.ఎం. ఎఫ్/1.8 లెన్సు ముందు 70-300 జూమ్ నిలవదు. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సులోకి అంత ఎక్కువ వెలుతురు వస్తుంది. ఎఫ్/5.6 దగ్గర జూమ్‌లోకి వచ్చే వెలుతురుకి దాదాపు పది రెట్లు దీనిలోకి వస్తుంది. అక్కడ ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 6400 కావాల్సిన ఫోటోకి ఇక్కడ 640 చాలు. చిక్కల్లా ఫోకస్‌తోనే. మీటరు దూరంలో ఎఫ్/1.8 పెడితే ముక్కు స్పష్టంగా, కళ్లు మసగ్గా వస్తాయి. స్పష్టంగా ఉండే లోతు పెరగడానికి ఎఫ్/2.8కి మార్చి, ఫోకస్ పాయింటుని దగ్గరి కంటి మీద పెట్టండి. కెమెరా పిల్లి కంటి ఎత్తులో ఉండాలి, అంటే నేల మీద పడుకోక తప్పదు.

పెరట్లో పిట్టకి మాత్రం జూమే. 50తో తీస్తే పిట్ట చుక్కలా మిగులుతుంది. 300 దగ్గర షటర్ వేగం 1/500 సెకనుకి తగ్గనివ్వకండి. గెంతే పిట్టకి 1/1000, ఎగిరేదానికి 1/2000. స్టెబిలైజేషన్ చెయ్యి వణుకుని ఆపుతుంది గానీ పిట్ట కదలికని కాదు. ఫోటో మసకబారితే చాలామంది లెన్సుని తిడతారు, తప్పు సాధారణంగా షటర్‌ది. గది లోపల్నుంచి తీస్తుంటే లైటార్పి, లెన్సు ముందు తొడిగే హుడ్‌ని కిటికీ అద్దానికి ఆనించండి. ప్రతిబింబాలు పోతాయి.

ప్రకృతి దృశ్యాలకి రెండూ పనికొస్తాయి. జూమ్ దూరపు కొండల్ని దగ్గరగా పేర్చి చూపిస్తుంది, కానీ మిట్టమధ్యాహ్నం వేడిగాలికి అంచులు అలల్లా వణుకుతాయి. 50తో విశాలంగా కావాలంటే మూడు నిలువు ఫోటోలు, ఒకదాని మీద ఒకటి మూడో వంతు పడేలా తీసి కలపాలి.

ఇంట్లో జంతువుంటే ముందు 50 కొనండి. చవక, తేలిక.