జైసల్మేరా, బికనేరా? ఒక్కటే చూసే టైం ఉంటే ఏది మేలు

రాజస్థాన్ ట్రిప్ వేసుకుని జోధ్‌పూర్ దాకా వచ్చాక మనవాళ్లకి వచ్చే డౌట్ ఇదే, ఇక్కడ్నుంచి ఎటు పోవాలి అని. రెండూ పాకిస్తాన్ బోర్డర్ జిల్లాలే, రెండూ థార్ ఎడారే. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ దాదాపు 280 కిలోమీటర్లు, బికనేర్ ఓ 250. కానీ ఆ రెండిటి మధ్య మళ్లీ 330 దాకా ఉంటుంది, కాబట్టి రెండూ కొట్టేద్దాం అనుకుంటే సగం సెలవులు బండిలోనే గడిచిపోతాయి. పదిమందిని అడిగితే తొమ్మిదిమంది జైసల్మేరే అంటారు, నేను మాత్రం బికనేర్ అంటా.

జైసల్మేర్ అనేది ఇసుక కోసం. ఊరికి 40 కిలోమీటర్ల దూరంలో సమ్ తిన్నెలు, ఒంటె సవారీ, టెంట్లో రాత్రి బస. కాకపోతే సీజన్లో అక్కడ జీపుల మోత, స్పీకర్ల హోరు, ప్రతి తిన్నె మీదా సెల్ఫీ గుంపులు, ఎడారి నిశ్శబ్దం అదీ ఇదీ అనుకుని వెళ్తే నిరాశే. కోట మాత్రం అలా కాదు. 1156లో రావల్ జైసల్ మొదలుపెట్టిన పసుపు ఇసుకరాయి కోట, సాయంత్రం ఎండకి నిజంగానే మెరుస్తుంది, లోపల ఇప్పటికీ జనం కాపురాలుంటున్నారు. సందుల్లో నడుస్తుంటే గుమ్మాల పక్కన గోడ మీద రంగులతో వినాయకుడి బొమ్మ, దాని కింద పెళ్లికొడుకు పెళ్లికూతురు పేర్లు, పెళ్లి తేదీ రాసుంటాయి, అంటే శుభలేఖ గోడకే ఎక్కించేశారన్నమాట, పెళ్లయి ఏళ్లు గడిచినా చెరపరు. 2013లో ఈ కోట యునెస్కో లిస్టులోకి కూడా ఎక్కింది. కానీ వానలే సరిగ్గా పడని చోట కట్టిన కోటలోకి కుళాయిలు, హోటళ్ల బాత్రూములు వచ్చేసరికి ఆ నీళ్లన్నీ కొండలోకి ఇంకి గోడలు దెబ్బతింటున్నాయి. అందుకే వెళ్తే రూమ్ కోట బయటే తీసుకోండి, ప్లీజ్.

ఇక బికనేర్. 1488లో రావు బీకా పెట్టిన ఊరు, ఈయన జోధ్‌పూర్ కట్టిన రావు జోధా కొడుకే. ఇక్కడి జునాగఢ్ కోట కొండ మీద కాదు, చదును నేల మీదే ఉంటుంది, బయట్నుంచి చూస్తే ఓస్ ఇంతేనా అనిపిస్తుంది, లోపలికెళ్తేనే అసలు సంగతి. బాదల్ మహల్ అని ఒక గది ఉంది, గోడల నిండా నీలి మబ్బులు, మెరుపులు, కింద వాన ధారలు గీశారు. చినుకు కోసం మొహం వాచిన ఊళ్లో రాజుగారికి వాన గది! అనూప్ మహల్లో బంగారు పనితనం చూస్తే కళ్లు చెదురుతాయి. ఆ అనూప్ సింగ్ మహారాజుకి మనతో లింకుంది తెలుసా, ఔరంగజేబు సైన్యంలో దక్కన్‌కి వచ్చి, గోల్కొండ యుద్ధంలో ఉండి, తర్వాత మన ఆదోని మీద అధికారం చూస్తూ 1698లో ఆదోనిలోనే పోయాడు. దక్షిణాదిలో తిరిగినప్పుడు పోగేసిన సంస్కృత తాళపత్రాలు, రాతప్రతులు బికనేర్ పంపించాడు, అవి ఆయన పేరున్న లైబ్రరీలో ఉన్నాయి. కోటలో గైడ్ ఎవరైనా ఈ ముక్క చెప్తే అదృష్టం, లేదంటే మీరే అడగండి.

ఊరికి ఓ 30 కిలోమీటర్లలో దేశ్‌నోక్ కర్ణీమాత గుడి. ఎలుకల గుడి అంటే అదే. చెప్పులిప్పేసి వెళ్లాలి, పెద్ద పళ్లెం చుట్టూ వరసగా కూర్చుని పాలు తాగుతుంటాయి, గద్దలు ఎత్తుకుపోకుండా పైన వల కూడా కట్టారు. ఎలుకలంటే ఒళ్లు జలదరించేవాళ్లు దీన్ని వదిలేసి ఒంటెల పరిశోధన కేంద్రానికి పోండి, ఒంటె పాల ఐస్‌క్రీమ్ దొరుకుతుంది. తిండి విషయంలో అసలు పోటీయే లేదు, సన్న కారప్పూసలా ఉండే బికనేరీ భుజియా పుట్టిల్లు ఇది, మోఠ్ పప్పు పిండితో వేడివేడిగా తీసింది తింటే ప్యాకెట్ సరుకు మీద మనసు పోదు.

జైసల్మేర్ ఎవరికంటే, పిల్లలకి ఇసుక చూపించాలనుకునేవాళ్లకి, లేదా 1971 యుద్ధం జరిగిన లోంగేవాలా, బీఎస్‌ఎఫ్ జవాన్లు చూసుకునే తనోట్ మాత గుడి చూడాలని గట్టిగా ఉన్నవాళ్లకి. జైసల్మేర్ నుంచి తనోట్ 120 కిలోమీటర్లు, దానికి ఒక రోజంతా రాసేసుకోవాలి. మిగతావాళ్లకి బికనేరే. ఏదైనా నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపే, స్వెట్టర్ మర్చిపోవద్దు, రాత్రుళ్లు చలి చంపేస్తుంది. మే నెల సెలవుల్లో ప్లాన్ చేస్తుంటే మాత్రం రెండూ వద్దు, ఊటీ పోండి.