చేతులు బంగారం, కొలతలు కంగారు

నేను పనిచేసేది వైద్య పరీక్షల ల్యాబులో. పొద్దున పరికరాన్ని ముందే విలువ తెలిసిన ప్రామాణిక ద్రావణంతో సరిచూడనిదే ఒక్క నమూనా కూడా ముట్టుకోను. నా అక్వేరియాన్ని కొత్త ట్యాంకులోకి మార్చిపెట్టిన పనివాళ్ల గురించి రాస్తున్న ఈ సమీక్షలో సణుగుడు ఎక్కువైందని అనిపిస్తే ఆ అలవాటును తిట్టుకోండి, నన్ను కాదు.

పగడాలు, చేపలు పెంచే నా ఉప్పునీటి రీఫ్ ట్యాంకు నాలుగేళ్లది. 60 సెంటీమీటర్ల పొడవు, అందులో సుమారు 100 లీటర్ల నీళ్లు. టార్చ్ పగడం పెరిగి పెరిగి పక్కవాటిని కుట్టడం మొదలుపెట్టింది. పసుపు కోరిస్ చేప నాలుగుసార్లు తోక ఆడించేలోపే అద్దం అడ్డొస్తోంది. అందుకే 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 50 ఎత్తు ఉన్న ట్యాంకు తెప్పించాను. కింద సంప్ కూడా ఉంది, అంటే ట్యాంకు నీళ్లు దిగి, పంపుతో మళ్లీ పైకి వెళ్లే తొట్టి. ప్రాణులన్నిటినీ ఒక్క రోజులో ఒంటరిగా తరలించే ధైర్యం లేక, ఆ పనే వృత్తిగా చేసేవాళ్లను పిలిచాను. ఒక పెద్దాయన, ఆయనకు సాయంగా ఒక కుర్రాడు వచ్చారు.

ముందురోజు వచ్చి స్టాండు నిలబెట్టారు. ఇంత ట్యాంకు నిండితే నీళ్లు, రాళ్లు, అద్దం, స్టాండు కలిసి 500 కిలోలు దాటుతుంది. పెద్దాయన మట్టపు బద్దను పొడవునా ఒకసారి, అడ్డంగా ఒకసారి, మూలలకు ఐమూలగా రెండుసార్లు పెట్టి చూశారు. ఎడమ ముందు మూల కాస్త దిగి ఉంది. స్టాండు కాలి కిందే పలక పెట్టి సరిచేశారు గానీ, అద్దానికీ స్టాండుకూ మధ్య ఏమీ దోపలేదు. అలా దోపితే బరువంతా ఒక్క చోటే పడి అద్దం పగులుతుంది. అది చూశాక నాకు నమ్మకం కుదిరింది. తొందరపడి కుదిరింది లెండి.

ఇసుక దగ్గర మా ఇద్దరికీ వాదన జరిగింది. నాలుగేళ్లు బ్యాక్టీరియా పెంచుకున్న ఇసుక కదా, దాన్నే కొత్త ట్యాంకులో పోయమన్నాను. ఆయన ససేమిరా అన్నారు. అమ్మోనియాను తినే బ్యాక్టీరియా రాళ్ల నిండా ఉంది, అది చాలు, ఇసుక అడుగున పేరుకున్న మడ్డిని కదిపితే ఉన్నవాటికీ ముప్పే అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆయన వాదించడం మానేసి, పారవేసే నీళ్లు పట్టిన గాజు పాత్రలో ఒక గుప్పెడు పాత ఇసుక వేసి కలిపి నా ముందు పెట్టారు. నీళ్లు బూడిదరంగుకు తిరిగాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్లిన గుడ్ల వాసన. గాలి ఆడని అడుగు పొరలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన అది. ల్యాబులో పనిచేసే మనిషికి అంతకన్నా సాక్ష్యం ఎందుకు? కొత్త ఇసుకే వేయమన్నాను.

నన్ను పూర్తిగా గెలిచింది మాత్రం ఆ తరువాతి అరగంట. పై నీళ్లు 80 లీటర్లు తేటగా తోడి దాచారు. రాళ్లు, పగడాలు, రెండు క్లౌన్ చేపలు, క్లీనర్ రొయ్య అన్నీ డబ్బాల్లోకి చేరాయి. పాదంతో రాతికి అంటుకుని బతికే ఎనిమోన్‌ను రాతి నుంచి ఊడబెరకకుండా రాయితో సహా ఎత్తారు, పాదం చిరిగితే అది బతకడం కష్టం. జోయాంతిడ్లు అనే పగడాల్లాంటి ప్రాణులు ఉన్న రాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకున్నారు. వాటిలో పాలీటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. కుర్రాడు ఆ మాట నాకు చెప్పి నన్ను రెండడుగులు వెనక్కి జరిపాడు. లెక్క చూస్తే కోరిస్ లేదు. బెదిరితే ఇసుకలో దూరిపోయే చేప అది. చేటంత పళ్లెం తెచ్చి ఇసుకను ఎత్తేస్తారేమోనని నా గుండె గుభేలుమంది. పెద్దాయన మాత్రం మోకాళ్ల మీద కూర్చుని, నాలుగు వేళ్లు నీళ్లు మిగిలిన ఇసుకలోకి అరచేతిని పల్చగా జొనిపి, ఒక మూల నుంచి దువ్వుతున్నట్టు జరుపుతూ వచ్చారు. మూడో వరుసలో ఆయన చేయి ఆగింది. వేళ్ల సందున పసుపు గీత ఒకటి మెరిసింది. చేపను పట్టుకోలేదు. చేయి కదపకుండా కుర్రాడి చేత ఎదురుగా డబ్బా పెట్టించారు, అది తానే అందులోకి జారింది. పొలుసు కూడా రాలలేదు.

ఇక కొలతల సంగతి. ముందురోజు వాళ్లు 300 లీటర్ల ఆర్వో నీళ్లలో ఉప్పు కలిపి, పంపు పెట్టి రాత్రంతా తిప్పారు. అంతవరకూ పద్ధతిగానే ఉంది. లవణీయత, అంటే వెయ్యి పాళ్ల నీళ్లలో ఉప్పు పాళ్లు, 35 ఉందని దాన్ని కొలిచే వాళ్ల రిఫ్రాక్టోమీటర్ చూపించింది. అలవాటు కొద్దీ నాది పెట్టి చూశాను, 31. మీ పరికరాన్ని దేనితో సరిచూశారని అడిగితే మంచినీళ్లతో సున్నాకు పెట్టామన్నారు. సున్నా దగ్గర సరిగ్గా ఉన్నంత మాత్రాన 35 దగ్గర సరిగ్గా ఉండాలని లేదు. 35 ప్రామాణిక ద్రావణం చుక్క ఉందా అంటే పెద్దాయన నీళ్లు నమిలారు. నా సీసా తీసి ఇద్దరి పరికరాల మీదా ఒక్కో చుక్క వేశాను. నాది 35 చూపించింది, వాళ్లది 39. ఆ నీళ్లు అలాగే పోసి ఉంటే పాత నీళ్లతో కలిసి కూడా 32 దాటేది కాదు. చేపలు ఎలాగో ఓర్చుకునేవేమో, రొయ్య లాంటి వెన్నెముక లేని ప్రాణులు మాత్రం అలాంటి ఆకస్మిక మార్పును తట్టుకోలేవు. మరో 1,200 గ్రాములకు పైనే ఉప్పు విడిగా కరిగించి కలిపి, తేటపడేదాకా ఆగేసరికి రెండు గంటలు. అంతసేపూ నా పగడాలు డబ్బాల్లో హీటరు, గాలి రాయి పెట్టుకుని పడిగాపులు కాశాయి. డబ్బు తీసుకుని చేసే పనిలో ఒక చిన్న సీసా వెంట ఉంచుకోలేరా?

రెండో తప్పు వాళ్లు వెళ్లాక బయటపడింది. కరెంటు పోతే ఏమవుతుందో చూపించకుండానే సామాను సర్దుకున్నారు. నేను పంపు ఆపి చూశాను. నీళ్లు పైకి పంపే గొట్టం మూతి ఉపరితలానికి 5 సెంటీమీటర్ల కింద ఉంది. పంపు ఆగగానే అదే గొట్టం నీళ్లను వెనక్కి లాగుతుంది. ఈ ట్యాంకులో ఒక్క సెంటీమీటరు మట్టం దిగితే 7.2 లీటర్లు, 5 సెంటీమీటర్లకు 36. సంప్ అంచుకు వేలెడు దూరంలో నీళ్లు ఆగాయి. పాత ట్యాంకుకు సంప్ లేదు, నాకు ఈ బెడద కొత్త. మూతిని పైకి తిప్పి సెంటీమీటరు లోతులో పెట్టాను, రెండు నిమిషాల పని. ఫోను చేసి చెబితే పెద్దాయన ఒప్పుకున్నారు, సాకులు చెప్పలేదు.

లైట్ల గురించి ఇచ్చిన సలహా బాగుంది. కొత్త దీపాలను 40 శాతం దగ్గర మొదలుపెట్టి వారానికి 5 శాతం చొప్పున పెంచమన్నారు. ఒక్కసారిగా వెలుగు పెంచితే పగడం తన లోపలి శైవలాలను (నాచు లాంటి సూక్ష్మజీవులను) వదిలేసి తెల్లగా పాలిపోతుంది. జోయాంతిడ్లు మర్నాడే విచ్చుకున్నాయి. టార్చ్ నాలుగు రోజులు ముడుచుకుని అలిగి కూర్చుంది. అమ్మోనియా మూడో రోజు 0.25 కనిపించింది, ఐదో రోజుకు సున్నా.

పిలవవచ్చా అంటే పిలవండి. ప్రాణుల దగ్గర అంత ఓపికగల చేతులను నేను చూడలేదు. 35 ద్రావణం సీసా మాత్రం మీ దగ్గర ఉంచుకోండి, పంపు ఆపి చూసేదాకా వాళ్లను గుమ్మం దాటనివ్వకండి. నా మార్కులు ఐదుకు మూడున్నర. ఆ అర మార్కు అచ్చంగా కోరిస్ ఖాతాలోది. అది రెండు రోజులు కొత్త ఇసుకలోంచి బయటికే రాలేదు. మూడో రోజు పొద్దున లైటు వెలిగేసరికి ఈ మూల నుంచి ఆ మూలకు ఈదుతూ కనిపించింది.